ఆమెను వీరనారి అనకండి

అందరికీ నమస్కారం.

ముందు వరసలో కూర్చున్న మేడంగారి అక్కయ్యగారికి, కాలేజీ పెద్దలకు, ఆమె దగ్గర చదువుకున్న మీకందరికీ నమస్కారం. కుర్చీలు చాలలేదు. డ్యూటీ బట్టలతోనే వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళు కొంచెం ఓపిక పట్టండి. నాకు ఉపన్యాసాలు రావు. నేను లైబ్రేరియన్ని. ముప్ఫై ఏళ్ళపాటు మూతి మీద వేలు పెట్టి మిమ్మల్ని మాట్లాడొద్దన్న మనిషిని. అలాంటివాణ్ణి పట్టుకుని ఇవాళ మాట్లాడమన్నారు.

మేడం పోయి తొమ్మిది రోజులైంది. ఆసుపత్రిలో, కిటికీ పక్క మంచం మీద, మధ్యాహ్నం పూట. ఊపిరితిత్తుల జబ్బు. అరవై ఎనిమిదేళ్ళు. ఆ వార్త మీకందరికీ తెలుసు. తెలిసిన వార్తే మళ్ళీ చెప్పడానికి అయితే నేను లేచేవాణ్ణి కాదు.

నాకంటే ముందు ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఆమెను వీరనారి అన్నారు. తప్పు పట్టడం లేదండీ, ప్రేమకొద్దీ అన్నారు. కానీ బతికుండగా ఆ మాట చెవిన పడితే ఆవిడ ఏం చేసేవారో ఈ హాల్లో సగం మందికి తెలుసు. కళ్ళజోడు తీసేవారు. ముక్కు మీద పడ్డ నొక్కు రుద్దుకునేవారు. తర్వాత, "అయితే?" అనేవారు.

మీరు ఆవిడకు పెట్టుకున్న పేరు కూడా అదే కదా. అయితే మేడం. ఏ జవాబు చెప్పినా "అయితే?" అంటుందని. మీరు చాటుగా పెట్టుకున్నామనుకున్నారు. ఆవిడకు మొదటి ఏడాదే తెలిసిపోయింది. నాతో చెప్పి నవ్వారు కూడా.

కొత్తవాళ్ళ కోసం చెబుతాను. మనది సాయంత్రం కాలేజీ. పగలంతా ఒళ్ళు వంచి పని చేసి, మొహం కడుక్కుని పుస్తకం పట్టుకునేవాళ్ళ కాలేజీ. అప్పుడు మనం ఉన్నది ఈ భవనం కాదు. పాత గోదాం. కింద ఆఫీసు, దాని మీద కామర్సు, రెండో అంతస్తులో నా లైబ్రరీ, మూడో అంతస్తులో సాహిత్యం. సాహిత్యాన్ని ఎప్పుడూ పైకే తోస్తారు, ఎవరి కాళ్ళకీ అడ్డం పడకుండా.

ఏటా ఆవిడ మొదటి పాఠం ఒకటే. వీరుడంటే ఎవరు? పురాణాల్లో, కావ్యాల్లో, కథల్లో వీరుణ్ణి వీరుడిగా చేసేది ఏమిటి? ఆ పాఠం క్లాసులో చెప్పేవారు కాదు. అందర్నీ నా లైబ్రరీకి దించుకొచ్చి, పుస్తకాల మధ్య కూర్చోబెట్టి చెప్పేవారు. అందుకని నేను కూడా ప్రతి ఏడూ విన్నాను. నా అంతటి సీనియర్ విద్యార్థి ఆవిడకు లేడు. పరీక్ష మాత్రం రాయలేదు.

ఒక ఏడాది బాగా గుర్తుంది. బస్సు నడిపే ఆయన లేచి, వీరుడంటే భయం లేనివాడు అన్నాడు. "అయితే? భయమే లేనివాడికి ధైర్యంతో పనేముంది?" అన్నారు మేడం. ఆసుపత్రిలో పనిచేసే ఒకమ్మాయి, గెలిచేవాడు అంది. అలాగైతే ఓడిపోయి చచ్చిపోయినవాళ్ళ కథలే జనం ఎక్కువగా ఎందుకు చెప్పుకుంటున్నారని అడిగారు. ఒకాయన, వరం పొందినవాడు అన్నాడు. ఏ కత్తీ దిగదని ముందే తెలిసినవాడు యుద్ధానికి వెళ్తే అందులో గొప్పేముంది, జీతానికి వెళ్ళినట్టే కదా అన్నారు. అందరూ నవ్వారు.

అప్పుడు పైనుంచి ఒక గొంతు వినిపించింది. నిచ్చెన మీద నుంచి.

మా అటెండరు. మనిషి పొట్టి, చేతిలో ఎప్పుడూ తనకు రెండింతల నిచ్చెన. అందుకని అందరికీ నిచ్చెన బాబాయ్. నాలుగో తరగతి దాకా చదివాడు. పుస్తకాల పేర్లు అట్ట రంగుని బట్టి గుర్తుపెట్టుకునేవాడు. పై అరలో దుమ్ము దులుపుతూ, వెనక్కి కూడా తిరక్కుండా అన్నాడు: "ఎవరో ఒకళ్ళు చూడాలి కదండీ మేడం. చూసినవాడు వచ్చి చెప్పకపోతే, వీరుడని మనకెలా తెలుస్తుంది?"

మేడం "అయితే?" అనలేదు. ఆ మాట తీసుకుని బోర్డు మీద రాశారు. ఆ ఏడాది పాఠమంతా దాని మీదే నడిచింది. ప్రతి వీరుడి వెనకా ఒక చెప్పేవాడు ఉంటాడు, ఆ చెప్పేవాడు ఎవరి మనిషో, ఏది చెప్పాడో, ఏది మింగేశాడో చూడమన్నారు. బాబాయ్ వారం రోజులు కాలరెగరేసుకుని తిరిగాడు. నేను చెప్పిన పాఠమే మీరు చదువుతున్నారర్రా అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు.

మిత్రులారా, ఆ తర్వాత నాలుగేళ్ళకు ఆ భవనం తగలబడింది.

పంతొమ్మిదేళ్ళయింది. సాయంత్రం ఆరున్నర దాటింది. మెట్ల కింద కరెంటు పెట్టె ఉండేది, దాని పక్కనే పాత జవాబు పత్రాల కట్టలు, రంగు డబ్బాలు. అక్కడ అంటుకుంది. మేడం పైన క్లాసులో ఉన్నారు. పదకొండు మంది విద్యార్థులు. పొగ రావడం చూసి చేతిరుమాళ్ళు మంచినీళ్ళ కూజాలో తడిపి మొహాలకు కట్టుకోమన్నారు. ఒకరి భుజం ఒకరు పట్టుకోమన్నారు. తాను ఆఖరున నడిచారు. పదకొండు మందీ దిగారు. ఆ పదకొండులో నలుగురు ఇవాళ ఇక్కడున్నారు. ఒకాయన మనవరాల్ని ఎత్తుకుని వచ్చారు. చూశాను.

నిచ్చెన బాబాయ్ దిగలేదు.

మంటలార్పేవాళ్ళు గంటన్నర తర్వాత లైబ్రరీ చివర పుస్తకాల గది దాకా వెళ్ళగలిగారు. ఆ గదికి వెనకవైపు ఒక తలుపు ఉంది. తలుపు తీస్తే బయట ఇనప మెట్లు. ఆ తలుపు దగ్గరే ఉన్నాడు. తలుపుకి లోపలి వైపు తాళం. నిచ్చెనతో తలుపు బద్దలు కొట్టబోయినట్టున్నాడు. నిచ్చెన కాలు విరిగింది. తాళం విరగలేదు.

మర్నాటి పేపర్లో మేడం ఫోటో వేశారు. పదకొండు ప్రాణాలు కాపాడిన వీరనారి అని. బాబాయ్ గురించి అదే వార్త చివర ఒక వాక్యం ఉంది.

వారం తిరక్కుండా ఇంకో మాట పుట్టింది. అటెండరు పుస్తకాల గదిలో సిగరెట్టు కాల్చాడట, నిప్పు అక్కడ రాజుకుందట. ఎవరు పుట్టించారో అడక్కండి, ఆయన కూడా ఇప్పుడు లేడు. బాబాయ్ జన్మలో సిగరెట్టు ముట్టలేదు. పొగ వాసనకే దగ్గొచ్చే మనిషి. కానీ విచారణ కాగితాల్లో ఆ మాట ఎక్కడానికి తయారుగా ఉంది. ఎక్కితే ఏమవుతుంది? కరెంటు పెట్టె సంగతి ఎవరూ అడగరు. రంగు డబ్బాల సంగతి ఎవరూ అడగరు. తలుపుకి తాళం ఎందుకుందని ఎవరూ అడగరు. ఒక పక్క వీరనారి, ఇంకో పక్క తప్పు చేసి చచ్చిపోయిన అటెండరు. కథ కుదిరిపోయింది. వినేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

అప్పటి మా సెక్రటరీ మేడానికి సన్మానం పెట్టారు. టౌన్ హాల్లో. జనం కిక్కిరిసిపోయారు.

ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో ఏం జరిగిందో అక్కయ్యగారు మొన్న నాకు చెప్పారు, ఇక్కడ చెప్పమన్నారు కూడా. చెల్లెలు ఏం మాట్లాడబోతోందో ఆవిడకు ముందే తెలుసు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారట. "నోరు మూసుకుని వాళ్ళిచ్చేది తీసుకుని రావే. నిన్ను ఎవరూ ఏమీ అడగలేదు కదా" అన్నారట. మేడం చెప్పులు వేసుకుంటూ, "అందుకే వెళ్తున్నానక్కా" అన్నారట.

సెక్రటరీగారు జ్ఞాపిక ఇచ్చారు. మేడం అందుకుని, బల్ల మీద బోర్లా పెట్టి, మైకు దగ్గరికి వచ్చారు. ఆవిడ మాట్లాడింది రెండు నిమిషాలు కూడా ఉండదు. నేను ఐదో వరసలో ఉన్నాను. ఒక్క మాట కూడా మర్చిపోలేదు.

"ఆ సాయంత్రం నిచ్చెన బాబాయ్‌ని పుస్తకాల గదికి పంపింది నేనే. ఒక పుస్తకం తెచ్చిపెట్టమన్నాను. పొగ వచ్చినప్పుడు ఆ సంగతి నాకు గుర్తులేదు. రెండో అంతస్తు మెట్ల దగ్గరికొచ్చాక గుర్తొచ్చింది. లైబ్రరీ తలుపు నాకు పదడుగుల దూరం. విద్యార్థుల్ని దింపాలి కాబట్టి నేను ఆగలేదని పేపర్లో రాశారు. అది నిజం కాదు. నేను వెనకబడ్డాను, వాళ్ళు అప్పటికే కిందికి దిగిపోయారు, వాళ్ళ అరుపులు వీధిలోంచి వినిపిస్తున్నాయి. నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఇరవై లెక్కపెట్టేంత సేపు అక్కడ నిలబడ్డాను. వెళ్ళలేదు. భయమేసింది. కిందికి దిగొచ్చేశాను."

సెక్రటరీగారు లేవబోయారు. ఆవిడ ఆయన వైపు తిరిగారు.

"బాబాయ్ సిగరెట్టు కాల్చడు. వెనక తలుపుకి తాళం వేసి ఉంది. ఈ రెండూ రాసుకోండి. పాత కవులు తమ వీరుడు చేసిన తప్పుని ఏనాడూ దాచలేదు. మీరు నా తప్పుని దాచి, దాని మాటున ఇంకో తప్పుని దాస్తున్నారు."

అంతే. దిగి వెళ్ళిపోయారు. చప్పట్లు లేవు. మైకు మాత్రం కాసేపు గుయ్యిమంది.

అయ్యలారా, అమ్మలారా, ఆ తర్వాత ఏమైందనుకుంటున్నారు? నిజం చెప్పినందుకు జనం నెత్తిన పెట్టుకున్నారనుకుంటున్నారా? కథల్లో అయితే అలాగే జరుగుతుంది. విచారణ మళ్ళీ జరిగింది, అది నిజమే. కరెంటు పెట్టె సంగతి బయటపడింది. బాబాయ్ మీద పడ్డ మచ్చ తుడిచారు, లోపలి పేజీలో రెండు లైన్లతో. సెక్రటరీగారు ఒంట్లో బాగాలేదని రాజీనామా చేశారు, చాలా ఆరోగ్యంగా ఇంకో పదేళ్ళు బతికారు. మేడాన్ని మాత్రం పచారీ కొట్టువాడు కూడా పలకరించడం మానేశాడు. నెల కిందట ఇంటికొచ్చి చేతులు పట్టుకున్నవాళ్ళే వీధి దాటి అవతలి పక్కన నడిచారు. ఒక మనిషిని చావడానికి వదిలేసొచ్చి, పైగా మైకు పట్టుకుని చెబుతుందా అన్నారు. చెప్పకపోయి ఉంటే ఏమనేవారు? ఏమీ అనేవారు కాదు. వీరనారి అనేవారు.

అద్దె భవనంలో క్లాసులు మొదలైన రోజున ఆవిడ గదిలోకి వెళ్ళేసరికి బోర్డు మీద ఒక మాట రాసి ఉంది. పెద్ద అక్షరాలతో. హంతకురాలు అని రాయబోయి హంతుకురాలు అని రాశారు. నేను హాజరు పుస్తకం ఇవ్వడానికి వెనకే వెళ్ళాను. ఆవిడ బోర్డుని చదివారు. సుద్దముక్క తీసుకున్నారు. తకారం కింద కొమ్ము తుడిచేసి, మాటని సరిచేశారు. ఆ మాటను అలాగే ఉంచి, బోర్డులో మిగిలిన సగం మీద ఆ రోజు పాఠం రాసుకున్నారు. గంటసేపు చెప్పారు. క్లాసు అయ్యాక లైబ్రరీకొచ్చి నా ఎదురుగా కూర్చుని టీ గ్లాసు పట్టుకున్నారు. టీ అంతా బల్ల మీద ఒలికింది. నేను తుడిచాను.

ఇప్పుడు పిన్ని సంగతి చెప్పాలి. బాబాయ్ భార్య. నాకంటే రెండేళ్ళే పెద్ద అయినా కాలేజీ అంతటికీ ఆవిడ పిన్నే. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేవారు. పిన్ని ఇవాళ ఈ హాల్లో ఉన్నారు. ఆవిడ ఎదుటే చెబుతున్నాను, ఆవిడ లేనప్పుడు చెప్పడం కాదు.

మేడం ప్రతి నెలా పిన్ని ఇంటికి వెళ్ళేవారు. పిన్ని తలుపు తీసేవారు కాదు. మేడం గుమ్మం బయట పావుగంట నిలబడి వచ్చేసేవారు. ఒకసారి నేను అడిగాను, ఎందుకండీ ఆ మనిషిని ఇంకా బాధపెట్టడం అని. ఆవిడ ఆలోచించారు. ఆ తర్వాత నుంచి వెళ్ళడం మానేశారు. మీరు చెప్పింది నిజమే, నేను నా కోసమే వెళ్తున్నాను, ఆమె కోసం కాదు అన్నారు.

అది మానేసిన ఏడాదికి పిన్నే లైబ్రరీకి వచ్చారు. పని నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు, చేతులు వేడికి కందిపోయి ఉన్నాయి. మా ఆయన ఏ పుస్తకం కోసం వెళ్ళాడో చూపించమన్నారు. ఆ కాపీ కాలిపోయింది. ఇంకో కాపీ ఉంటే మేడం తెచ్చి చేతిలో పెట్టారు. వీరుల కథలు. పిన్నికి చదువు రాదు. బొమ్మలు తిప్పి చూశారు. గుర్రాలు, కత్తులు, పడవలు. చూసి అడిగారు: "ఇందులో ఊరికే చచ్చిపోయేవాళ్ళ గురించి ఏమన్నా రాస్తారా?"

రాయరని మేడం చెప్పారు. ఎప్పుడన్నా ఒక మాట వస్తుంది, వందమంది పడిపోయారని, అంతేనన్నారు. పిన్ని పుస్తకం మూసి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయారు. క్షమించానని అనలేదు. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. అది ఆమె హక్కు. ఈ కథకు చివర్లో క్షమాపణ ఉంటుందని ఎదురుచూడకండి.

ఆ ఏటి నుంచి మేడం మొదటి పాఠం మారిపోయింది. మీలో చాలామంది చదువుకున్నది ఆ కొత్త పాఠమే. వీరుడంటే ఎవరని అడగడం మానేశారు. ఏ వీరుడి కథ అయినా తీసుకోండి, అందులో ఒక్క వాక్యంలో చచ్చిపోయే మనిషిని వెతకండి, అతని మీద ఒక పేజీ రాయండి అనేవారు. వీరుణ్ణి ఏరు దాటించి మునిగిపోయిన పడవవాడు. వీరుడి గుర్రం కళ్ళెం పట్టుకుని బాణం తగిలి పడిపోయినవాడు. కోట తలుపు తీసినందుకు తల పోగొట్టుకున్న కాపలామనిషి. అతను పొద్దున ఏం తిని వచ్చాడు? ఇంట్లో ఎవరున్నారు? వీరుడు అతని వైపు తిరిగి చూశాడా? పదహారేళ్ళ కాగితాలు. అన్నీ అట్టలు వేసి లైబ్రరీలో పెట్టాను. పరీక్షకు పనికిరావు. కానీ పనికొచ్చే పుస్తకాలకంటే వాటినే ఎక్కువమంది తీసుకెళ్ళారు.

ఆ రోజుల్లోనే కొందరు విద్యార్థులు ఆవిడతో అన్నారు, మంటల్లోకి వెళ్ళడం కాదు మేడం, సభలో నిలబడి నిజం చెప్పారే, అదే అసలైన వీరత్వం అని. మంచి మాటే. నేను కూడా తలూపాను. ఆవిడకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "అయితే? బాబాయ్ లేచి వచ్చాడా?" అన్నారు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

అందుకే ఆవిడను నేను వీరనారి అననండీ. మీరూ అనకండి. ఆ మాటలో ఆవిడకు హాయి లేదు.

ఇంతవరకూ మీకు కొంత తెలిసిందే చెప్పాను. ఇక తెలియనిది.

వెనక తలుపుకి తాళం వేయించింది సెక్రటరీగారు. పుస్తకాలు పోతున్నాయని. నోటిమాటగా చెప్పారు. తాళంచెవి ఆఫీసులో బోర్డుకి వేలాడుతోందని, సమయానికి ఎవరూ తీసుకెళ్ళలేకపోయారని విచారణలో రాశారు. మీరంతా అదే చదివారు.

తాళంచెవి ఆఫీసులో లేదు. నా చొక్కా జేబులో ఉంది. తాళం కొన్నది నేను. వేసింది నేను. రోజూ సాయంత్రం లైబ్రరీ వదిలి వెళ్ళేటప్పుడు బాబాయ్ చేతికి ఇచ్చి వెళ్ళాలని ఒప్పందం. ఆ సాయంత్రం నేను ఆరింటికే బయటికి వెళ్ళాను. ఎందుకు? జుట్టు కత్తిరించుకోవడానికి. పెద్ద పని కూడా కాదు. ఇవ్వడం మర్చిపోయాను. రెండు వీధుల అవతల మంగలి కుర్చీలో కూర్చుని, మెడ చుట్టూ గుడ్డతో అద్దంలో చూస్తుంటే, అద్దంలో పొగ కనబడింది. ఆ గుడ్డతోనే పరుగెత్తాను. అప్పటికే ముందువైపు మెట్లు కాలిపోయాయి. వెనక ఇనప మెట్లెక్కాను. తాళం లోపలి వైపు. బయటినుంచి చెయ్యగలిగింది లేదు. తలుపు కాలుతోంది. లోపల చప్పుడు లేదు.

మర్నాడు పొద్దున, కాలిపోకుండా మిగిలిన ఆఫీసు గదిలోకి వెళ్ళి, తాళాల బోర్డుకి ఆ చెవి తగిలించాను. తగిలించి వెనక్కి తిరిగితే గుమ్మంలో మేడం ఉన్నారు. ఏదో సంతకం పెట్టడానికి వచ్చారు. చూశారు. నా చెయ్యి ఇంకా కిందికి కూడా దిగలేదు. ఆవిడ అన్నది ఒక్కటే: "అది చెప్పాల్సింది మీరండీ. మీ బదులు నేను చెప్పను."

టౌన్ హాల్లో ఆవిడ తన సంగతంతా చెప్పినప్పుడు, తాళం వేసి ఉందని చెప్పినప్పుడు, నా వైపు చూస్తారని భయపడ్డాను. చూడలేదు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా టీ తాగాం. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎందుకని అడగొచ్చు మీరు. పిల్ల చదువు, ఉద్యోగం, పరువు అని చాలా పేర్లు పెట్టుకున్నాను. భయం. దానికి ఇంకో పేరు లేదు.

ఆఖరి వారంలో ఆసుపత్రికి వెళ్ళాను. ముక్కుకి గొట్టం పెట్టారు. రెండు మాటలకోసారి ఆయాసపడుతున్నారు. నన్ను ఇన్నేళ్ళు ఎలా భరించారండీ అని అడిగాను. చాలాసేపటికి అన్నారు: "నేను ఆ మెట్ల మీద నిలబడింది ఇరవై లెక్కపెట్టేంత సేపే. మీరు ఇంకా అక్కడే ఉన్నారు. మీకే ఎక్కువ కష్టం."

నేను మొహం తిప్పుకున్నాను. మళ్ళీ ఆవిడే మాట్లాడారు. "ముప్ఫై ఏళ్ళు వీరుల గురించి చెప్పానండీ. వెళ్ళాల్సినప్పుడు వెళ్ళినవాడి గురించి ఎన్ని కావ్యాలో. వెళ్ళలేకపోయినవాడు మర్నాడు పొద్దున లేచి ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ రాయలేదు. నేను వెతికాను. దొరకలేదు."

దొరకలేదనే అన్నారు. దొరికిందని అబద్ధం చెప్పి నన్ను ఓదార్చలేదు. ఆవిడ అలాంటి మనిషి.

మిత్రులారా, మర్నాడు పొద్దున లేచి ఆవిడ ఏం చేశారో నేను చూశాను. బోర్డు మీద రాత పక్కన పాఠం చెప్పారు. మూసిన తలుపు ముందు నిలబడ్డారు, నిలబడడం తప్పని తెలిశాక మానేశారు. పడవవాడి గురించి రాయించారు. వీటిలో ఏదీ బాబాయ్‌ని తిరిగి తేలేదు. అది ఆవిడకు తెలుసు. తెలిసీ చేశారు. పురాణాల్లో దీనికి చోటు లేకపోతే లేకపోయింది.

ఇవాళ పొద్దున నేను కాలేజీ ఆఫీసుకి వెళ్ళి, తాళంచెవి సంగతి మొత్తం కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ప్రిన్సిపాల్‌గారు చదివారు. ఈ సభలో మాట్లాడతారా అని మళ్ళీ అడిగారు, మాట్లాడతానన్నాను. మేడం బతికుండగా ఇచ్చి ఉండాల్సింది. తొమ్మిది రోజులు ఆలస్యమైంది. కాదు, పంతొమ్మిదేళ్ళు.

పిన్నీ, ఇది మీకు ఇంటికొచ్చి ఒంటరిగా చెప్పాల్సిన మాట. అప్పుడు మీరు తలుపు తీయరని భయపడ్డాను. ఇంతమందిలో చెబితే మీరు నన్ను ఏమీ అనలేరని ఈ ధైర్యమేమోనని కూడా అనుమానం వచ్చింది. ఏదైనా సరే, ఇప్పుడు మీకు తెలిసింది. సభ అయ్యాక నేను ఎక్కడికీ వెళ్ళను. ఇక్కడే ఉంటాను.

ఇక ఎక్కువ చెప్పను. మేడం కోసం అందరం లేచి రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడదాం. గొప్ప మాటలేవీ మనసులో అనుకోవద్దు. ఆవిడ ఇక లేరు, ఆ ఒక్కటి తలుచుకుంటే చాలు. పిన్ని కూర్చునే ఉండాలనుకుంటే ఎవరూ ఆవిడ భుజం తట్టకండి. బయటికి వెళ్ళిపోవాలనుకుంటే దారి ఇవ్వండి, ఆవిడ వంక చూడకండి. వెనక నిలబడ్డవాళ్ళు ఇప్పటికే లేచి ఉన్నారు. మిగిలింది మనమే.

లేవండి.